తుంగభద్ర, హంద్రీ ఒడ్డున రక్షణ గోడ: కట్టే అధికారం ఎవరిది?

హంద్రీగట్టు:
2009 అక్టోబరు 2న కర్నూలు మునిగింది. గోడ మాట అప్పట్నుంచీ వస్తూనే ఉంది. కార్పొరేషనే తీర్మానం చేసి కట్టేయాలని నా వాదన. మునిగేది వాళ్ల వార్డులే కదప్పా, సర్కారు అనుమతికి కాచుకోవడం దేనికి?

కేసీఆయకట్టు:
తీర్మానంతో అయ్యే పని కాదన్నా. కరకట్టలు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోని 17వ అంశం కిందికి వస్తాయి. అదే రాజ్యాంగం 12వ షెడ్యూలు పురపాలికలకు చెప్పిన 18 పనుల్లో కరకట్ట లేదు. పైగా 1905 ఆక్రమణల చట్టం 2వ సెక్షన్ ప్రకారం నది అడుగు సర్కారుది. సముద్రం పోటు గీత కింది నేలా అంతే. సముద్రం ఒడ్డున ఉప్పాడలో అయినా ఇక్కడైనా యజమాని రాష్ట్రమే. అక్కడ సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) అనుమతి కూడా కావాలి, మనకు ఆ బెడద లేదు.

హంద్రీగట్టు:
మరి పునాది పట్టా స్థలంలో పడితే?

కేసీఆయకట్టు:
2013 భూసేకరణ చట్టం కింద నోటీసు, పరిహారం ఇవ్వాల్సిందే. 40వ సెక్షన్ అత్యవసరం దేశ రక్షణకు, ప్రకృతి విపత్తు వేళకు పెట్టింది. ఎప్పటిదో వరద చూపించి ఇప్పుడు దాన్ని వాడితే కోర్టులో నిలబడదు. నదిలోకి జరిగి కట్టుకున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు 1905 చట్టం 7వ సెక్షన్ నోటీసిచ్చి, 6 కింద ఖాళీ చేయిస్తారు.

సైట్‌ఇంజినీర్:
ఎవరు కట్టినా గోడ పోయేది పాదం దగ్గరే. వరద వేగానికి అక్కడి ఇసుక కోసుకుపోయి గుంత పడుతుంది. అందుకే గోడ ముందు వదులు రాళ్ల ఆప్రాన్ పరుస్తాం. కోత ఎంత లోతు పడుతుందని లెక్కేస్తామో, దానికి ఒకటిన్నర రెట్లు వెడల్పు. గుంత పడగానే ఆ రాళ్లు వాటంతటవే జారి వాలును కప్పుతాయి. గట్టిగా ఉంటుందని సిమెంటుతో అతికించారో, రాయి జారదు, కింద డొల్ల పడుతుంది. అప్పుడు పలక మొత్తం ఒక్కసారే విరుగుతుంది. ఈ తప్పు చేయకండి సార్.

గట్టు వాలు 2:1 (రెండడుగుల అడ్డానికి ఒక అడుగు ఎత్తు) పెట్టి, రాళ్ల కింద జియోటెక్స్‌టైల్ (నీటిని వదిలి మన్నును ఆపే గుడ్డ) గానీ ఇసుక, కంకర పొరలు గానీ వేయాలి. వరద తీసేటప్పుడు గట్టు తాగిన నీరు బయటికి తోసుకొస్తుంది. ఆ పొర లేకుంటే మన్ను రాళ్ల సందుల్లోంచి కారిపోతుంది. గోడైతే వీప్ హోల్స్ (నీరు కారిపోయే రంధ్రాలు) వదలాలి, వాటి వెనక కంకర నింపాలి.

పాతబస్తీ:
గోడ వద్దనే నా మాట. 2009లో తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజి నుంచి వచ్చిన నీరు, హంద్రీ, శ్రీశైలం వెనక నీరు, మూడూ కలిశాయి. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులైతే ఆ రోజు 896 దాకా పోయింది. నది అట్లా నిలబడ్డప్పుడు ఊరి కాలువల నీరు ఎటు పోవాలి?

సైట్‌ఇంజినీర్:
ప్రతి కాలువ నోటికీ ఫ్లాప్ గేటు పెడతారు, నది పెరిగితే అది మూసుకుంటుంది. లోపలి వాన నీటిని తోడడానికి పంపులు, వాటికి జనరేటరు ఉండాలి. గేటులో ఒక్క కట్టె ఇరుక్కున్నా నది లోపలికి వస్తుంది, వానాకాలం ముందే తీసి చూసుకోవాలి. నిర్వహణ డబ్బు లేకుండా గోడ కట్టడం నేనూ ఒప్పుకోను.

పాతబస్తీ:
ఎదురు ఒడ్డు తెలంగాణ. ఇక్కడ గోడ కడితే అటు నీరు ఎన్ని అంగుళాలు ఎక్కుతుందో లెక్క తీసి, టెండరుకు ముందే ఆ రాష్ట్రానికి ఇవ్వండి. గోడ రెండు చివర్లు ఎక్కడ ఆగుతాయో మ్యాపులో చూపించండి. చివర ఎత్తైన నేలలోకి దిగకపోతే నది గోడ చుట్టూ తిరిగి వెనక నుంచి కోస్తుంది. అవి చూశాక మాట్లాడతాను.