రిపాజిటరీలు కలవకపోతే తప్పు ప్రమాణానిదా, మనదా?

లైబ్రరీ_మూల:
మా యూనివర్సిటీ రిపాజిటరీ (థీసిస్‌లు, వ్యాసాలు ఆన్‌లైన్‌లో దాచే చోటు) నడిచేది డీస్పేస్ సాఫ్ట్‌వేర్‌ మీద. అందులోని థీసిస్‌ల వివరాలను ఓఏఐ-పీఎంహెచ్ (రిపాజిటరీల నుంచి వివరాలు లాగే ప్రోటోకాల్) ద్వారా వేరే సర్వర్‌లోకి లాగి చూశాను. 1998 నాటి థీసిస్‌కి మూడు తేదీలు వచ్చాయి, అందులో రెండు మేం స్కాన్ చేసి ఎక్కించిన 2021వి. లోపల వేరువేరుగా ఉన్న తేదీలన్నీ బయటికి వెళ్లేటప్పుడు డబ్లిన్ కోర్ అనే వివరాల ప్రమాణంలోని ఒకే 'డేట్' గడిలో పడుతున్నాయి, అవతలి సెర్చ్‌లో అదేమో కొత్త థీసిస్ అయిపోయింది. ఉన్నవే 15 గడులు, ఒక్కటీ తప్పనిసరి కాదు. ప్రోటోకాల్ చూస్తే 2002లో వచ్చిన 2.0 వెర్షన్‌నే ఇంకా పట్టుకుని వేలాడుతున్నాం. దీన్ని వదిలేసి అందరం ఒకే సెంట్రల్ రిపాజిటరీకి పోతే పీడా పోతుంది. కాదనేవాళ్లు చెప్పండి.

నక్షత్రకుడు:
థీసిస్‌లకి దేశమంతటికీ శోధ్‌గంగ రిపాజిటరీ ఉండనే ఉంది కదండీ. మరి వ్యాసాలు, డేటా, రిపోర్టుల సంగతి? పోనీ అన్నీ ఒకేచోట పెట్టారే అనుకుందాం, గడులు నింపేది ఎవరు? మళ్లీ మీ ఆఫీసులో కూర్చున్న ఆ ఆపరేటరే.

మెట్టపొలం:
మూల గారు, తిట్టాల్సింది ప్రోటోకాల్‌ని కాదు. పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్లు తమ పరిశోధన అందరికీ అందుబాటులో ఉంచాలని 2009లోనే నియమం పెట్టుకున్నారు, వాళ్ల సాఫ్ట్‌వేర్ ఈప్రింట్స్, మీది డీస్పేస్. రెండింటినీ ఒకే హార్వెస్టర్ (వివరాలు లాగే ప్రోగ్రామ్) చదవగలుగుతోందంటే ఆ పాత ప్రోటోకాల్ పుణ్యమే. డబ్లిన్ కోర్ కనీసం ఇవ్వాల్సిన ఫార్మాట్ మాత్రమే, అదే దారిలో ఇంకా వివరమైనవి పంపొద్దని ఎవరూ అనలేదు. యూరప్‌లో రిపాజిటరీల వివరాలు ఒకచోటికి చేర్చే ఓపెన్ఎయిర్ తన గైడ్‌లైన్స్‌తో అడిగేది అదే. మీ డీస్పేస్‌లో 'డిమ్' అనే ఫార్మాట్ ఉంటుంది, అది పెట్టి లాగి చూడండి.

పీహెచ్‌డీ_మూడోఏడు:
తేదీ సరే, పేర్ల మాటేమిటి? కె. శ్రీనివాసరావు, శ్రీనివాసరావు కె., రావు కె.ఎస్. ముగ్గురా ఒక్కరా అని మెషీన్‌కి ఎలా తెలుస్తుంది, మన ఇంటిపేర్లతో ఇదో తలనొప్పి. ఆర్కిడ్ నంబర్ (ఒక్కో పరిశోధకుడికి ఒక్కో గుర్తింపు సంఖ్య) తప్పనిసరి చేస్తే సగం గోల తీరుతుంది.

నక్షత్రకుడు:
మీకైతే తీరుతుంది తమ్ముడూ. ఆర్కిడ్ మొదలైందే 2012లో, పైగా ఎవరిది వాళ్లే తీసుకోవాలి. 1998లో గైడ్‌గా ఉండి తర్వాత పోయిన పెద్దాయనకి ఎవరు తీస్తారు?

లైబ్రరీ_మూల:
మెట్టపొలం గారు, 'డిమ్'తో లాగాను, ఏ తేదీ దేనిదో పేరుతో సహా విడిగా వచ్చింది. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ 'టైప్' గడి చూస్తే ఒకచోట 'థీసిస్', ఒకచోట 'పీహెచ్‌డీ', ఇంకోచోట 'డాక్టోరల్', కొన్నింట్లో ఖాళీ. దీనికి COAR అనే రిపాజిటరీల అంతర్జాతీయ సంఘం వాళ్ల పదజాలం ఎంచక్కా ఉంది, వాడితే కదా. మా దగ్గర ఇవన్నీ ఎక్కించిన కుర్రాడి కాంట్రాక్ట్ అయిపోయింది, ఆ సీట్లో ఇంకా ఎవరినీ వేయలేదు.