అప్‌డేట్: గుమ్మడి నర్సయ్య గారు ఎన్నిసార్లు గెలిచారు?

ఇల్లెందు మాజీ ఎమ్మెల్యే నర్సయ్య గారు వరుసగా ఐదుసార్లు గెలిచారని మా నాన్న అంటుంటే, అది నిజమేనా అని మొన్న అడిగాను. జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ఎన్నికల ఫలితాలు ఒక్కొక్కటీ సరిచూసుకున్నాను.

ఐదుసార్లు అన్నది నిజం, వరుసగా అన్నది కాదు. 1983, 1985, 1989లో గెలిచారు. 1994లో సీపీఐ అభ్యర్థి ఊకె అబ్బయ్య చేతిలో ఓడారు. మళ్లీ 1999, 2004లో గెలిచారు. 2009లో ఓడించింది కూడా అబ్బయ్య గారే, కాకపోతే అప్పటికి ఆయన టీడీపీ.

నన్ను తికమకపెట్టింది జాబితాల్లోని ‘స్వతంత్ర’ అనే మాట. ఆయన నిలబడింది సీపీఐ (ఎంఎల్) మనిషిగానే (ఇది సీపీఐ కాదు, వేరే కమ్యూనిస్టు పార్టీ); తర్వాతి ఎన్నికల్లో అందులోని న్యూ డెమోక్రసీ తరఫున. పార్టీకి ఎన్నికల సంఘం గుర్తింపు లేదు కాబట్టి లెక్కల్లో స్వతంత్రుడిగానే కనిపిస్తారు. ఎస్టీ రిజర్వుడు స్థానంలో, పెద్ద పార్టీ గుర్తేదీ లేకుండా ఐదు గెలుపులంటే మాటలా! అన్నేళ్లు ఎమ్మెల్యేగా ఉండి కూడా సైకిల్ మీద, ఆర్టీసీ బస్సుల్లో తిరిగిన మనిషి. నాకు అంకెలకన్నా అదే ఎక్కువ అనిపించింది.

నాన్నకు చూపించాను. "1994 మర్చిపోయానురా" అన్నారు.