నానోఫైబర్ మెంబ్రేన్‌ను దాటి ఈ. కోలై ఎలా వస్తోంది?

నైలాన్_దారం:
ఎలక్ట్రోస్పిన్నింగ్‌లో (హై వోల్టేజితో ద్రావణాన్ని సన్నటి దారాలుగా లాగే పద్ధతి) నీళ్ళు వడకట్టే నైలాన్-6 మెంబ్రేన్ (పల్చటి పొర) తీశాను. సెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫొటోల్లో రంధ్రాల సగటు 0.4 మైక్రాన్లు. ఈ. కోలై బాక్టీరియా వెడల్పే అర మైక్రాన్ పైన ఉంటుంది కాబట్టి ఒక్కటీ దాటకూడదు. కానీ మిల్లీలీటరుకు పది లక్షలున్న నీళ్ళు పోస్తే కిందికి వెయ్యి దాకా దిగుతున్నాయి. వెండి నానోకణాలు కలపమని మా గైడ్ అంటున్నారు. రివ్యూ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

పాలిమర్_ప్రియ:
99.9 శాతం ఆగాయిగా, పేపర్ రాసేయండి!

బుడగల_మాస్టారు:
ప్రియగారూ, మిల్లీలీటరుకు వెయ్యి అంటే 100 మిల్లీలీటర్లలో లక్ష. తాగే నీళ్ళయితే ఆ 100 మిల్లీలీటర్లలో ఒక్క ఈ. కోలై కూడా కనిపించకూడదని డబ్ల్యూహెచ్‌ఓ ప్రమాణం.

నైలాన్ గారూ, సగటును పక్కన పెట్టండి. బాక్టీరియా దూరడానికి పెద్ద రంధ్రాలు కొన్ని ఉంటే చాలు. స్పిన్నింగ్‌లో ద్రావణం చుక్కలుగా పడ్డచోట, దారాలు పడ్డ ఫాయిల్ మీంచి ఒలిచేటప్పుడు షీట్ సాగినచోట అవి తయారవుతాయి. సెమ్‌లో మీరు చూసింది పై పొర, అదీ గోరంత ముక్క. బబుల్ పాయింట్ టెస్ట్ చెయ్యండి: మెంబ్రేన్‌ను తడిపి, కింద నుంచి గాలి ఒత్తిడి మెల్లగా పెంచితే మొదటి బుడగ అతి పెద్ద రంధ్రం నుంచే వస్తుంది. నీళ్ళతో తడిపితే ఒత్తిడి ఎక్కువ కావాలి, పల్చటి షీట్ చిరుగుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపితే దాదాపు మూడో వంతు చాలు. అడుగున నాన్-వోవెన్ గుడ్డ, పైన సన్నటి జాలీ పెట్టి బిగించండి.

వెండి సంగతి తర్వాత. అది రంధ్రాన్ని పూడ్చదు. పైగా వడకట్టిన నీళ్ళలోకి వెండి దిగితే బాక్టీరియాను పెంచి లెక్కపెట్టే ప్లేటు మీద కూడా వాటిని పెరగనివ్వదు, మెంబ్రేనే ఆపిందని మనం మురిసిపోతాం. లెక్కపెట్టే ముందు సోడియం థయోసల్ఫేట్‌తో దాని పని ఆపాలి. చాలా పోస్టర్లలో ఈ మాటే ఉండదు, నాకు ఒళ్ళు మండుతుంది.

నైలాన్_దారం:
చేశాను సార్. మొదటి బుడగలు హోల్డర్ అంచు నుంచే వచ్చాయి! ఓ-రింగ్ (అంచున లీకు ఆపే రబ్బరు రింగు) మారుస్తాను. ఇది సరిచేస్తే వైరస్‌లు కూడా ఆగుతాయా?

బుడగల_మాస్టారు:
రంధ్రం సైజుతో ఆగవు. నోరోవైరస్ 30 నానోమీటర్లకు కాస్త అటూ ఇటూ, మీ రంధ్రంలో పదో వంతు కూడా లేదు. చాలా వైరస్‌ల మీద మామూలు నీళ్ళలో రుణావేశం ఉంటుంది కాబట్టి, దారాలకు ధనావేశం ఇస్తే అతుక్కుంటాయి. కాకపోతే ఆ చోట్లు నిండిపోతాయి, బురద నీళ్ళయితే ఇంకా త్వరగా. ముందు ఓ-రింగ్ మార్చి ఈ. కోలై మళ్ళీ లెక్కపెట్టండి.