బాపు పాత కారుకు బ్యాటరీ పెట్టిస్తే మన ఎండలకు ఆగుతదా?

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. బాపు 2007లో కొన్న చిన్న పెట్రోల్ కారు ఇంకా ఇంట్లోనే ఉంది. ఇంజిన్ పని అయిపోయింది కానీ బాడీకి ఎక్కడా తుప్పు లేదు. స్టీరింగ్ మీద బాపు చెయ్యి ఆనించే చోట నలుపు అరిగి నున్నగా మెరుస్తది. దాన్ని తుక్కుకు వెయ్యడానికి మనసు ఒప్పుతలేదు.

అందుకే కరెంటు బండిగా మార్పిద్దామని చూస్తున్న. నాకు ఎక్కువ తిరుగుడు నర్సంపేటకే, పోను రాను సుమారు 80 కిలోమీటర్లు. 3.2 వోల్టుల 200 ఏహెచ్ (ఆంపియర్ అవర్, సెల్ ఎంత చార్జింగ్ పడుతదో చెప్పే లెక్క) ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ సెల్స్ 24 వేస్తే మొత్తం 15.36 యూనిట్ల కరెంటు పడుతది.

నా భయమంతా ఎండ గురించే. మా బండి నిలిపేది రేకుల షెడ్డు కింద. మే నెల మధ్యాహ్నం ఆ రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతది. ఈ సెల్స్ అన్నీ కలిపిన ప్యాకును వెనక సీటు కింద, పెట్రోల్ ట్యాంకు తీసేసిన జాగలో పెడితే ఫ్యాన్ గాలి సరిపోతదా, లేక నీళ్ల కూలింగ్ కావాల్నా? తిరిగొచ్చినంక చల్లారనిచ్చి తెల్లారుజామున చార్జింగ్ పెట్టడమే నయమనుకుంటున్న.

ఇంకొకటి. సెల్స్ బ్యాలెన్స్ కావాలంటే, అంటే అన్నిట్ల చార్జింగ్ సమానంగా ఉండాలంటే, అప్పుడప్పుడు 100 శాతం నింపాలె. నిండుగా వేడిలో వదిలేస్తేనేమో తొందరగా అరుగుతయి. మీరు ఎన్ని రోజులకోసారి నింపుతున్నరు?

కరెంటు బండిగా మార్చే కిట్టు ఆమోదం ఉన్నదే పెట్టిస్త. ఆర్సీలో పెట్రోల్ తీసేయించి ఎలక్ట్రిక్ అని రాయించుకున్నోళ్లు వరంగల్, కరీంనగర్ దిక్కు ఎవరన్నా ఉంటే, ఏమేం కాగితాలు అడిగిన్రో దయచేసి చెప్పండి.