డైనమోడీబీలో జాయిన్లు లేకుండా రైతు, లాట్, పాటల్ని ఎట్ల కలపాలి?

ఉల్లి_లాట్ (కర్నూలు)
మార్కెట్ యార్డు ఉల్లి వేలానికి బ్యాకెండ్ రాస్తున్నా. మైఎస్‌క్యూఎల్‌లో రైతులు, కమీషన్ ఏజెంట్లు, లాట్లు, పాటలు (వేలంలో వ్యాపారులు పాడే ధరలు) అని నాలుగు టేబుళ్లున్నాయి. డైనమోడీబీకి (అమెజాన్ వాళ్ల నోఎస్‌క్యూఎల్ డేటాబేస్, టేబుళ్లను కలిపే జాయిన్లు ఇందులో లేవు) మార్చాలంట. స్క్రీన్లు ఇవి: రైతు లాట్లు, ఏజెంటు దగ్గర ఆ రోజు దిగిన లాట్లు, ఒక లాట్ మీద పాటలు, వ్యాపారి కొన్న లాట్లు. నాలుగు టేబుళ్లూ అట్లే పెట్టి కోడ్‌లో కలపాలా? పాటల్ని లాట్‌లోనే లిస్టుగా పెడితే సరిపోదా? రైతు పేరు, ఫోను ప్రతి లాట్‌లో కాపీ చేస్తే, నంబరు మారిన రోజు ఏం చేయాలి?

తుంగభద్ర_దేవ్
స్క్రీన్ల జాబితా ముందే రాసుకున్నారు, సగం పని అయినట్టే. ఒకే టేబుల్ చాలు.

లాట్ ఐటమ్‌కు (ఐటమ్ అంటే టేబుల్‌లో ఒక వరుస) పార్టిషన్ కీ (ఒకే గుంపులోవాటిని ఒకచోట ఉంచేది) «లాట్#2231», సార్ట్ కీ (గుంపులో వరుస తేల్చేది) «వివరం». పాటలకూ అదే పార్టిషన్ కీ, సార్ట్ కీ మాత్రం «పాట#002150#వ్యాపారి31». ఒక్క క్వెరీతో లాటూ, దాని పాటలూ కలిసి వస్తాయి. ధరకు ముందు సున్నాలు తప్పనిసరి. సార్ట్ కీ స్ట్రింగ్ కాబట్టి సున్నాలు లేకుంటే 2150 కంటే 950 పెద్దదైపోతుంది. (కీలు ఇక్కడ తెలుగులో రాశాను గానీ కోడ్‌లో ఇంగ్లిష్ అక్షరాలే వాడండి. తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు, సార్ట్ కీ పరిమితి 1024 బైట్లు.)

రైతు స్క్రీన్‌కు ఒక జీఎస్ఐ (గ్లోబల్ సెకండరీ ఇండెక్స్, అదే డేటాను వేరే కీతో వెతకడానికి): కీ «రైతు#117», సార్ట్ «2025-03-14#2231». తేదీ సంవత్సరంతోనే మొదలవ్వాలి, లేకుంటే వరుస చెడుతుంది. ఏజెంటుకు ఇంకొకటి. మూడోది వ్యాపారికి, ఆ కీని లాట్ అమ్ముడుపోయాకే రాయండి. కీ లేని ఐటమ్ ఇండెక్స్‌లోకి ఎక్కదు కాబట్టి అందులో అమ్ముడైనవే ఉంటాయి.

పేరు, ఊరు లాట్‌లో కాపీ చేయండి. తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ) మీద ఆ రోజున్న పేరే ఉండాలి కదా, రేపు మారినా పాతది మార్చకూడదు. ఫోను మాత్రం రైతు ఐటమ్‌లోనే ఉంచి, కావాల్సినప్పుడు బ్యాచ్‌గెట్‌తో (చాలా ఐటమ్‌లను ఒకేసారి తెచ్చే పిలుపు) తెచ్చుకోండి. ఒక పిలుపుకు 100 కీల దాకా ఇవ్వచ్చు.

అనంత_డేటా
పై జవాబులో ఒక చిక్కుంది. ఇద్దరు ఒకే ధర పాడితే వరుసను వ్యాపారి నంబరు తేలుస్తుంది, ముందు పాడినోడు కాదు. అందుకే «ప్రస్తుత ధర» లాట్ ఐటమ్‌లోనే పెట్టండి. ట్రాన్సాక్ట్‌రైట్‌లో (అన్నీ పడితే పడతాయి, లేకుంటే ఏదీ పడదు) రెండు పనులు: లాట్‌ను అప్‌డేట్ చేయడం (షరతు: స్థితి ఓపెన్, ప్రస్తుత ధర కొత్త ధర కంటే తక్కువ), పాటను చేర్చడం. షరతు తప్పితే రెండూ పడవు, లాట్ మూసినాక వచ్చిన పాట కూడా దాంతోనే ఆగుతుంది. ఖర్చు మామూలు రాతకు రెట్టింపు. ఒకే లాట్ మీద ఇద్దరు ఒక్కసారే పాడితే ట్రాన్సాక్షన్ కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది. అది షరతు తప్పడం కాదు, కొంచెం ఆగి మళ్లీ పంపాలి. రెంటికీ ఒకే ఎర్రర్ మెసేజ్ చూపిస్తే వ్యాపారులు గొడవకొస్తారు.

పాటల్ని లాట్‌లో లిస్టుగా దూర్చొద్దు. ఐటమ్ పరిమితి 400 కేబీ, అది దాటకపోయినా నష్టమే. 40 కేబీ ఐటమ్‌లో ఒక్క అంకె మార్చినా 40 రైట్ యూనిట్లు (రాతకు బిల్లు లెక్కించే కొలత) పోతాయి.

ఉల్లి_లాట్ (కర్నూలు)
థాంక్స్ అన్నా. నెలాఖరులో ఊరి వారీగా మొత్తం క్వింటాళ్లు అడుగుతారు. స్కాన్ (టేబుల్ మొత్తం చదవడం) పెట్టి ఫిల్టర్ చేయచ్చా?

అనంత_డేటా
ఫిల్టర్ చదివినాకే పనిచేస్తుంది. అది పారేసిన ఐటమ్‌కూ బిల్లు పడుతుంది, పైగా పేజీకి 1 ఎంబీయే వస్తుంది. నెలకోసారి రిపోర్టే అయితే పాయింట్-ఇన్-టైమ్ రికవరీ (నిరంతర బ్యాకప్) ఆన్ చేసి, ఎస్3కి (అమెజాన్ ఫైల్ స్టోరేజీ) ఎక్స్‌పోర్ట్ కొట్టి, అథీనాలో (ఆ ఫైళ్ల మీద ఎస్‌క్యూఎల్ నడిపే సేవ) గ్రూప్ బై రాసుకోండి.

కడప_క్లౌడ్
ఇంకొకటి. జీఎస్ఐలో బలమైన కన్సిస్టెన్సీ రీడ్ (తాజా రాత తప్పక కనపడే చదువు) దొరకదు. లాట్ మూసిన మరుక్షణం వ్యాపారి స్క్రీన్‌లో అది కనపడకపోవచ్చు. చూపించడానికి పర్వాలేదు గానీ, డబ్బు లెక్క, తక్‌పట్టీ ప్రింటు మాత్రం లాట్ కీతో అసలు టేబుల్ నుంచే, కన్సిస్టెంట్‌రీడ్ పెట్టి చదవండి.

అయినా ఒక్క యార్డు, నాలుగు టేబుళ్లకు మైఎస్‌క్యూఎల్ ఏం తక్కువైందో మార్చమన్నోళ్లను అడగండి. రోజూ కొత్త రిపోర్టు అడిగే ఆఫీసైతే ఈ మోడల్‌తో ప్రతిసారీ ఇంకో ఇండెక్సో, ఇంకో ఎక్స్‌పోర్టో పెట్టుకోవాల్సి వస్తుంది.