గోడల్లో పాత జీఐ పైపులు: ముక్క మార్చాలా, మొత్తం మార్చాలా?

శ్రీకాకుళంలో అరసవల్లి వెళ్లే దారిలో మా ఇల్లు. నాన్నగారు 1988లో కట్టించారు, అన్నీ జీఐ పైపులే, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపులు. పొద్దున్నే కుళాయి తిప్పితే మొదటి చెంబు నీళ్లు తుప్పు రంగులో వస్తున్నాయి. పైబాత్రూములో షవర్ సన్నటి ధారే. కారుతున్న ముక్క మారిస్తే చాలంటాడు ప్లంబర్. గోడలు పగలగొడితే ఊరుకోనంటోంది అమ్మ. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముక్క మారిస్తే పక్క ముక్క కారుతుందండీ. మాది విజయనగరం. మేం తీసిన అరంగుళం పైపు కోయిస్తే లోపల పెన్సిల్ పట్టేంత కంతే మిగిలింది, మిగతాదంతా తుప్పూ సున్నమూ. పాత పైపులు గోడల్లోనే వదిలేసి, కొత్త సీపీవీసీ (వేడినీళ్లకీ ఆగే ప్లాస్టిక్) లైను బయటి గోడ మీదుగా క్లాంపులతో తెచ్చాం. తవ్వింది బాత్రూముల్లోనే. ఆ మాట అమ్మగారికి చెప్పి చూడండి.

ఇంకో జవాబు: గీజర్ లైనుకి మామూలు పీవీసీ వద్దు, వేడికి మెత్తబడుతుంది. సీపీవీసీ 93 డిగ్రీల దాకా ఆగుతుంది. ఎండ తగిలే చోట పైపుకి నీళ్లతో కలిపే రకం పెయింట్ వేయించండి. టైల్స్ అతికించకముందే ప్రెజర్ టెస్ట్ (పైపుల్లో ఒత్తిడితో నీళ్లు నింపి కారుతున్నాయేమో చూడటం) జరగాలి, మేస్త్రీ ఎంత తొందరపెట్టినా సరే.

అడిగినవారు: బయటి లైను అనగానే అమ్మ ఒప్పుకుంది. టైల్స్ రంగు మాత్రం తనే చూస్తుందట!