జీరో ఫైటర్ మెటల్ కిట్: ఎడమ రెక్కలో స్క్రూ విరిగిపోయింది, ఏం చేయాలి?

నగోయా శీను

అందరికీ నమస్కారం. నేను నగోయాలో కార్ల విడిభాగాల కంపెనీలో పనిచేస్తాను. పోయిన నెల ఇక్కడ పాత బొమ్మల కొట్లో 1/16 స్కేలు జీరో దొరికింది, రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ యుద్ధవిమానం, మోడల్ 21. వారానికో ప్యాకెట్ చొప్పున భాగాలు వచ్చే రకం. ఎవరో సగం కట్టి అమ్మేసుకున్నారు. ఇంజిన్ మాత్రం అద్భుతంగా చేశారు. పద్నాలుగు సిలిండర్లూ రెండు వరసల్లో పేర్చి, ఒక్కోదానికీ వెంట్రుకంత సన్నటి వైరు లాగారు. ఇంత ఓపికున్న మనిషి రెక్కల దగ్గర ఎందుకు ఆపేశాడా అనుకున్నా. నిన్న రాత్రి తెలిసింది.

కుడి రెక్క చక్కగా బిగిసింది. ఎడమది మొదట్లో 2 మిల్లీమీటర్లు ఎడంగా ఉండిపోయింది. ఇంకొక్క చుట్టు తిప్పితే సరిపోతుందిలే అని తిప్పాను. టిక్‌మంది. స్క్రూ తల చేతికొచ్చింది, మొండెం లోపలే ఉంది. రాత్రంతా నిద్ర లేదు.

దాన్ని బయటికి తీసే దారుందా? ఆ సందుని పుట్టీతో కప్పేయొచ్చా? ఇంకోటి, మా షెల్ఫు వెడల్పు లోపల 70 సెంటీమీటర్లే. విమానం 75. కొనేముందు కొలవలేదు. ఆ విషయం ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఆకురాయి మాస్టారు

శీనూ, ముందు ఆ కుడి రెక్క కూడా విప్పెయ్ బాబూ. తప్పు ఎడమ రెక్కది కాదు, కుడిదాన్ని ముందే పూర్తిగా బిగించెయ్యడంలో ఉంది.

అసలు విమానం ఎలా కట్టారో గుర్తుచేసుకో. జీరోకి రెక్కలు తెచ్చి పక్కన తగిలించరు. రెండు రెక్కలూ, కాక్‌పిట్ ఉన్న ముందు భాగమూ అంతా కలిపి ఒకే ముక్క. వెనక భాగం విడిగా తయారై, కాక్‌పిట్ వెనక బోల్టులతో కలుస్తుంది. రెక్కని తగిలించే బరువైన ఫిట్టింగులు ఆ రకంగా మిగిలాయి. దీన్ని డిజైన్ చేసిన హొరికొషి జిరో బరువు విషయంలో అంత పిసినారి. రెక్కలో ఉండే స్పార్, అంటే ఈ చివర్నుంచి ఆ చివరికి పోయే దూలం, 1936లో సుమితొమొ వాళ్లు తయారుచేసిన కొత్త డ్యురాలుమిన్‌తో, అంటే గట్టి అల్యూమినియం మిశ్రమంతో చేయించాడు.

కిట్ వాళ్లు మన వీలు కోసం రెక్కల్ని విడగొట్టారు గానీ లెక్క అదే. మడతపెట్టిన తువ్వాలు మీద విమానాన్ని బోర్లా పెట్టు. రెండు రెక్కలూ వదులుగా కూర్చోబెట్టి, ఆ పక్క పావు చుట్టు, ఈ పక్క పావు చుట్టు. కారు చక్రం నట్లు వరసగా బిగిస్తావా? కార్ల కంపెనీలో పనిచేసేవాడివి, నీకు నేను చెప్పాలా!

విరిగిన స్క్రూ కొస ఏమాత్రం పైకి కనిపించినా సన్న రంపంతో దానిమీద గాడి కోసి, స్క్రూడ్రైవర్‌తో వెనక్కి తిప్పు. డ్రిల్ మాత్రం పెట్టకు. స్క్రూ ఉక్కు, చుట్టూ ఉన్నది మెత్తటి జింకు. బిట్టు పక్కకి జారి జింకుని తినేస్తుంది. కొందరు సోల్డరింగ్ ఐరన్‌తో వేడి చేయమంటారు. ఆ జింకు మిశ్రమం 385 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, జాగ్రత్త. కొత్త స్క్రూకి కాస్త సబ్బు రాసి ఎక్కించు.

పుట్టీ ఆఖరి మాట. ముందు స్పార్ గాడిలో వేలు పెట్టి చూడు. పోత పోసినప్పుడు మిగిలిన పొర గానీ, పాతాయన వేసిన రంగు గానీ అక్కడ పేరుకుని ఉంటుంది. ఆకురాయితో రెండు రుద్దులు రుద్దితే చాలు.

కాకినాడ కుర్రాడు

మాస్టారూ, మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. 1942లో మా ఊరి మీద, వైజాగ్ మీద బాంబులేసినవి ఇవేనా? మా తాతయ్య జపానోడి విమానం అంటే చాలు, కథ మొదలుపెట్టేవాడు.

ఆకురాయి మాస్టారు

ఇవి కాదు. ఏప్రిల్ 6న అక్కడికొచ్చినవి ర్యూజో అనే చిన్న క్యారియర్, అంటే విమానవాహక నౌక, నుంచి లేచిన నకజిమా బీ5ఎన్ బాంబర్లు. జీరోలు ముందు రోజు కొలంబో మీద ఉన్నాయి. అది వేరే దళం, అకగి అనే క్యారియర్ ఉన్నది.

డీకాల్ పిచ్చోడు, డల్లాస్

అకగి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా శీను గారూ. మీ కిట్‌లో తోక మీద ఏఐ అని మొదలయ్యే నంబరుంటే అది అకగి విమానమే. వెనక భాగం చుట్టూ ఎర్ర పట్టీ ఒక్కటే రావాలి, రెండైతే ‘కాగా’ అనే ఇంకో క్యారియర్‌ది అవుతుంది. పక్కలమీది ఎర్ర సూర్యుడికి తెల్ల అంచు ఉన్న డీకాల్ (అతికించే గుర్తు) ఇస్తే వాడకండి. ఆ అంచు నకజిమా ఫ్యాక్టరీ జీరోలది. పెర్ల్ హార్బర్‌కి వెళ్లినవి మిత్సుబిషివి, అంచు ఉండదు.

రంగుకి తమియా ఎక్స్‌ఎఫ్-76 నాకు నచ్చుతుంది. తెలుపు కాదు, పచ్చదనం కలిసిన బూడిద. లోహం మీద నేరుగా వేస్తే గోరు తగిలినా లేచిపోతుంది. ముందు గిన్నెలు కడిగే సబ్బుతో కడిగి, మెటల్ ప్రైమర్ కొట్టండి.

షెల్ఫు బెంగ వదిలేయండి. మోడల్ 21 రెక్కల కొసలు మడుస్తారుగా! క్యారియర్ లిఫ్టులో పట్టడానికి ఒక్కో పక్క 50 సెంటీమీటర్లు పైకి మడిచేవాళ్లు. 12 మీటర్లు 11 అవుతుంది. మీ స్కేల్లో ఎంతో మీరే లెక్కేసుకోండి.

నగోయా శీను

పది రోజుల తర్వాత వస్తున్నా, మన్నించండి.

మాస్టారు చెప్పినట్టే కుడి రెక్క విప్పాను. లోపలి పక్క, స్పార్ గాడి దగ్గర, పెన్సిల్‌తో సన్నగా రెండు మాటలు రాసున్నాయి: హిదరి, కిత్సుయి. ఎడమ, బిగుతు. పాతాయనకి సంగతి ముందే తెలుసన్నమాట! తెలిసీ అమ్మేశాడు. నేను కొట్లో మూత తీసి చూసి మురిసిపోయాను.

గాడిలో నిజంగానే రంగు గడ్డకట్టి ఉంది. గీకేశాను. స్క్రూ మొండెం ఒక మిల్లీమీటరు కనిపిస్తోంది. గాడి కోసి తిప్పితే నాలుగోసారికి కదిలింది. సబ్బు, పావు చుట్టు, తువ్వాలు, అన్నీ పాటించా. సందు ఇప్పుడు గోరు కూడా పట్టనంత.

ఆదివారం ఊరికే ఉండలేక కాకమిగహర మ్యూజియంకి వెళ్లి హియెన్ అనే ఇంకో జపాన్ యుద్ధవిమానం చూసొచ్చా. రంగు లేకుండా ఒట్టి లోహంతో ఉంది. 1939లో మొదటి జీరోని విడదీసి, నగోయా ఫ్యాక్టరీ నుంచి ఆ ఊరి ఎయిర్‌ఫీల్డ్‌కి ఎద్దుల బళ్ల మీద తోలుకెళ్లారట. దాదాపు 50 కిలోమీటర్లు.

డీకాల్ షీటులో తెల్ల అంచువి, లేనివి రెండూ ఉన్నాయి. లేనివే అతికిస్తా. కొసలు మడిస్తే 68.75 వచ్చింది. షెల్ఫులో అటు ఆరు, ఇటు ఆరు మిల్లీమీటర్లు ఖాళీ. మా ఆవిడ మాత్రం దుమ్ము తుడిచే పని నాదే అని చెప్పేసింది.